రిపోర్టులో ఆ మూడు లైన్లు: మందు పనిచేస్తుందో లేదో చెప్పే బ్రౌన్ రంగు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి చూస్తున్న మనోళ్లకు, హైదరాబాద్‌ హాస్టళ్లలో ఉండి చూస్తున్నవాళ్లకు కూడా ఈ మాటలు.

ఈ ఎపిసోడ్ ఒక రిపోర్టు గురించి. ఇంట్లో అమ్మకో, పెద్దమ్మకో, మేనత్తకో రొమ్ములో గడ్డ కనపడింది. డాక్టర్ సూదితో చిన్న ముక్క తీశారు, ల్యాబ్‌కి పంపారు. కొన్ని రోజులకు ఒక పీడీఎఫ్ వస్తుంది. ఎవరి ఫోన్‌కి వస్తుంది? మీ ఫోన్‌కే. ఎందుకంటే ఇంట్లో ఇంగ్లీషు చదివేది మీరు, వాట్సాప్‌లో డాక్టర్‌కి ఫార్వర్డ్ చేసేది మీరు, "ఏం రాసిండ్రు బిడ్డా" అని అమ్మ అడిగితే జవాబు చెప్పాల్సింది కూడా మీరే.

ఆ పీడీఎఫ్‌లో క్యాన్సర్ అనే మాట దగ్గరే అందరి కళ్లూ ఆగిపోతాయి. కానీ కింద ఇంకో మూడు లైన్లు ఉంటాయి. ఈఆర్, పీఆర్, హెర్ 2. ఏ మందు పనిచేస్తుంది, ఏ మందు దండగ అనేది చాలావరకు ఆ మూడు లైన్లే తేలుస్తాయి. అవి ఎలా పుడతాయి, ఎక్కడ తప్పు జరగొచ్చు, అందులో మన చేతిలో ఉన్నదేంటి, ఇదే ఇవాళ్టి టాపిక్.

ముందు రిసెప్టర్ అంటే ఏంటో చూద్దాం. మందు ఒంట్లోకి పోయాక రక్తంతో పాటు అంతటా తిరుగుతుంది. కానీ అంతటా పనిచేయదు. ఏ కణంలో దాన్ని పట్టుకునే ప్రోటీన్ ఉందో అక్కడే పనిచేస్తుంది. ఆ పట్టుకునే ప్రోటీనే రిసెప్టర్. తాళంచెవి ఎంత మంచిదైనా తలుపుకి తాళమే లేకపోతే ఏం లాభం? అంతే సంగతి.

రొమ్ము క్యాన్సర్ కణాల్లో కొన్నింటికి ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని పట్టుకునే రిసెప్టర్ ఉంటుంది. అదే ఈఆర్. పీఆర్ అంటే ప్రొజెస్టెరాన్ రిసెప్టర్. ఈ కణాలు హార్మోన్ అందుకుని పెరుగుతాయి. టామోక్సిఫెన్ అనే మాత్ర పోయి ఆ ఈఆర్ మీద కూర్చుంటుంది, హార్మోన్‌కి చోటివ్వదు. ఇది పాత మందు, ఖరీదు తక్కువ. అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది 1977లో. ఈఆర్ ఉన్న క్యాన్సర్‌లో ఐదేళ్లు వాడితే, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా చూసినా రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య దాదాపు మూడోవంతు తగ్గిందని పెద్ద పెద్ద అధ్యయనాలు కలిపి చూస్తే తేలింది. ఈఆర్ లేని క్యాన్సర్‌లో అదే మాత్ర ఐదేళ్లు మింగినా ఉపయోగం లేదు.

మూడోది హెర్ 2. ఇది కణం పైపొర మీద ఉంటుంది. మామూలు రొమ్ము కణం మీద వేలల్లో ఉండే ఈ రిసెప్టర్, కొన్ని క్యాన్సర్లలో కణానికి 20 లక్షల దాకా పోతుంది. దానికి మందు ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్. 1998లో వచ్చింది. మన దేశంలో బెంగళూరు బయోకాన్ తయారుచేసిన రకం 2014లో మార్కెట్లోకి వచ్చాక పోటీ పెరిగింది. అయినా మామూలు ఇంటికి ఇది పెద్ద ఖర్చే. గుండె మీద ప్రభావం ఉండొచ్చు కాబట్టి మధ్యమధ్యలో ఎకో కూడా తీస్తారు. కాబట్టి రిసెప్టర్ లేని మనిషికి ఇది ఇవ్వకూడదు, ఉన్న మనిషికి ఆపకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత చిన్న ప్రోటీన్ కణంలో ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? మామూలు మైక్రోస్కోప్‌లో పెట్టి చూస్తే రిసెప్టర్ కనపడదు.

1950ల చివర్లో షికాగో యూనివర్సిటీలో ఎల్వుడ్ జెన్సెన్ అనే శాస్త్రవేత్త ఒక ఉపాయం చేశారు. ఈస్ట్రోజెన్‌కి ట్రిటియం అనే రేడియోధార్మిక గుర్తు తగిలించి ఎలుకలకు ఇచ్చారు. తర్వాత ఏ అవయవంలో ఆ గుర్తు నిలిచిందో కొలిచారు. కండరంలోకి వచ్చింది, పోయింది. గర్భసంచిలోకి వచ్చింది, అక్కడే ఉండిపోయింది. అంటే అక్కడ దాన్ని పట్టుకునేది ఏదో ఉంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ కథ అక్కడ మొదలైంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు రొమ్ము గడ్డల్ని ఇలాగే పరీక్షించేవాళ్లు. తాజా ముక్కని వెంటనే గడ్డకట్టించి, నూరి, అందులో గుర్తు ఉన్న హార్మోన్ కలిపి, ఎంత అంటుకుందో లెక్కపెట్టేవాళ్లు. దీనితో "ఎంత" అనేది తెలుస్తుంది. "ఎక్కడ" అనేది తెలియదు. మిర్యాలగూడవాళ్లకు ఇది ఈజీగా అర్థమవుతుంది. పది మంది రైతుల వడ్లు మిల్లులో ఒకే కుప్పగా పోశాక, అందులో తాలు ఎంత శాతం ఉందో చెప్పొచ్చు. ఏ రైతు మడిలోంచి వచ్చిందో చెప్పలేం. గడ్డని నూరితే క్యాన్సర్ కణాలు, పక్కనున్న మంచి కణాలు, కొవ్వు అన్నీ కలిసిపోతాయి. మంచి కణంలోని రిసెప్టర్‌ని చూసి క్యాన్సర్‌లో ఉందనుకునే ప్రమాదం ఉంది.

"ఎక్కడ" అని చూడాలంటే నూరకూడదు, పల్చగా కోయాలి. మెదడు మీద పనిచేసేవాళ్లు ఈ దారిలో చాలా దూరం పోయారు. 1973లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ కలిసి మార్ఫిన్ లాంటి మందులు పట్టుకునే రిసెప్టర్‌ని మెదడు కణజాలంలో చూపించారు. ఇంకో రెండు మూడేళ్లలో మైకేల్ కూహర్‌తో కలిసి అదే రిసెప్టర్‌ని పల్చటి మెదడు కోతల మీద ఫోటోగా చూపించారు. పద్ధతి పేరు ఆటోరేడియోగ్రఫీ. రేడియోధార్మిక గుర్తున్న మందు రిసెప్టర్‌కి అంటుకుంటుంది. ఆ కోతని చీకట్లో ఫోటో ఎమల్షన్‌కి ఆనించి ఉంచుతారు, ఒక్కోసారి వారాల తరబడి. తర్వాత కడిగితే రిసెప్టర్ ఉన్నచోట నల్ల చుక్కలు పడతాయి. నొప్పి దారుల్లో చుక్కలు కనపడ్డాయి. మెదడు కాండంలో ఊపిరికి సంబంధించిన చోట్ల కూడా కనపడ్డాయి. మార్ఫిన్ నొప్పిని ఎందుకు తగ్గిస్తుంది, డోసు ఎక్కువైతే ఊపిరి ఎందుకు ఆగుతుంది అనే రెండు ప్రశ్నలకీ ఆ చుక్కల్లోనే జవాబు దొరికింది. "ఎక్కడ" అనే మాటకి ఉన్న బలం అది.

కానీ రోజూ వందల ముక్కలు వచ్చే ఆసుపత్రి ల్యాబ్‌లో రేడియోధార్మిక పదార్థం, వారాల ఎదురుచూపు కుదరదు. అక్కడికి యాంటీబాడీ వచ్చింది. 1980లో జెన్సెన్, జెఫ్రీ గ్రీన్ బృందం ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ని మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీలు తయారుచేసింది. ఆ దారిలో వచ్చిందే ఇవాళ మీ రిపోర్టులో కనిపించే పేరు, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. పొట్టిగా ఐహెచ్‌సీ.

ఇది ఎలా చేస్తారో స్టెప్ బై స్టెప్ చెప్తా. తీసిన ముక్కని ఫార్మలిన్‌లో వేస్తారు. కుళ్లకుండా కణాలు ఎలా ఉన్నవి అలా బిగుసుకుంటాయి. తర్వాత మైనంలో పోసి దిమ్మ చేస్తారు. దాన్నే బ్లాక్ అంటారు. ఆ బ్లాక్‌ని మిషన్ మీద 4 మైక్రాన్ల మందంతో కోస్తారు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఎంత పల్చనో మీరే ఊహించండి. ఆ పొరని గాజు స్లైడ్ మీద పరుస్తారు.

ఫార్మలిన్‌తో ఒక చిక్కు ఉంది. ప్రోటీన్లని ఒకదానికొకటి కట్టేస్తుంది, యాంటీబాడీకి రిసెప్టర్ అందదు. అందుకని స్లైడ్‌ని ప్రత్యేకమైన ద్రావణంలో పెట్టి బాగా వేడిచేస్తారు. కొన్ని ల్యాబ్‌లలో దీనికి నిజంగానే ప్రెషర్ కుక్కర్ వాడతారు, జోక్ కాదు. ఆ వేడికి కట్లు వదులవుతాయి. అప్పుడు మొదటి యాంటీబాడీ వేస్తే అది పోయి రిసెప్టర్‌ని పట్టుకుంటుంది. రెండోది పోయి మొదటిదాన్ని పట్టుకుంటుంది. రెండోదానికి ఒక ఎంజైమ్ తగిలించి ఉంటుంది. చివరికి డీఏబీ అనే రసాయనం వేస్తే, ఎంజైమ్ ఉన్నచోటల్లా బ్రౌన్ రంగు పడుతుంది. మిగతా కణాలు కనపడటానికి నీలం రంగు వేస్తారు. అంటే బ్రౌన్ ఉంటే రిసెప్టర్ ఉంది, ఉత్త నీలమే ఉంటే లేదు.

ఆ బ్రౌన్ ఎక్కడ పడింది అనేది కూడా చూస్తారు. ఈఆర్, పీఆర్ అయితే కణం నడిమధ్య, కేంద్రకంలో పడాలి. హెర్ 2 అయితే కణం చుట్టూ గీత గీసినట్టు పడాలి. చోటు తప్పి పడితే అది లెక్కలోకి రాదు.

ఇప్పుడు రిపోర్టు చదువుదాం. ఈఆర్ దగ్గర శాతం ఉంటుంది. వంద క్యాన్సర్ కణాల్లో ఒక్కదానికైనా బ్రౌన్ పడితే, అంటే 1 శాతం నుంచి, పాజిటివ్ అంటారు. 1 నుంచి 10 మధ్య ఉంటే తక్కువ పాజిటివ్ అని విడిగా రాస్తారు, అక్కడ డాక్టర్ ఇంకాస్త ఆలోచించి నిర్ణయిస్తారు. కొన్ని రిపోర్టుల్లో ఆల్‌రెడ్ స్కోర్ అని 8కి ఇన్ని అని ఉంటుంది. ఎన్ని కణాలకు పడింది, ఎంత గట్టిగా పడింది, రెండూ కలిపిన మార్కులు అవి.

హెర్ 2 దగ్గర 0, 1 ప్లస్, 2 ప్లస్, 3 ప్లస్ అని ఉంటుంది. 3 ప్లస్ అంటే పాజిటివ్. 0, 1 ప్లస్ అంటే నెగెటివ్. 2 ప్లస్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. 2 ప్లస్ అంటే "సగం ఉంది" అని కాదు. "రంగు చూసి తేల్చలేకపోతున్నాం, ఇంకో పరీక్ష చేయండి" అని. ఆ ఇంకో పరీక్ష పేరు ఫిష్. అందులో ప్రోటీన్‌ని కాదు, హెర్ 2 జీన్‌నే వెలుగు చుక్కలుగా చూసి లెక్కపెడతారు. 2 ప్లస్ వచ్చి ఫిష్ చేయించకుండా ఉంటే, ఆ లైన్ ఇంకా పూర్తికానట్టే. ఇంకో మాట. 2022 నుంచి 1 ప్లస్ వాళ్లకూ, 2 ప్లస్ వచ్చి ఫిష్‌లో నెగెటివ్ వచ్చినవాళ్లకూ కూడా, జబ్బు ఇతర భాగాలకు పాకిన దశలో వాడే ఒక కొత్త మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. కాబట్టి "నెగెటివే గదా" అని నంబర్‌ని వదిలేయకండి. నంబర్ రాసి పెట్టుకోండి.

మూడూ నెగెటివ్ వస్తే ట్రిపుల్ నెగెటివ్ అంటారు. అంటే వైద్యం లేదని కాదు. ఈ రెండు రకాల మందులు పనికిరావు, కీమో లాంటి వేరే దారిలో పోవాలి అని మాత్రమే.

సరే, ఈ బ్రౌన్ రంగు అబద్ధం చెప్పొచ్చా? చెప్పొచ్చు. చెప్పింది కూడా. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ 2005లో ఒక పేషెంట్‌కి ఈఆర్ నెగెటివ్ అన్నది మళ్లీ చూస్తే పాజిటివ్ వచ్చింది. అనుమానం వచ్చి 1997 నుంచి 2005 దాకా నెగెటివ్ వచ్చిన బ్లాకుల్ని టొరంటోకి పంపి మళ్లీ పరీక్షించారు. 380 మందికి పైగా రిజల్ట్ తప్పని తేలింది. వాళ్లలో వంద మందికి పైగా అప్పటికే చనిపోయారు. మాత్ర వేసుకుని ఉంటే అందులో ఎంతమంది బతికేవాళ్లో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ మాత్ర వేసుకునే అవకాశమే వాళ్లకు దక్కలేదు. జడ్జి మార్గరెట్ కామెరాన్ విచారణ చేసి 2009లో రిపోర్టు ఇచ్చారు. అక్కడ ఒక్క పెద్ద కుట్ర ఏం లేదు. ముక్కని సరిగా ఫార్మలిన్‌లో ఉంచకపోవడం, కంట్రోల్ స్లైడ్లు సరిగా చూడకపోవడం, నాణ్యత తనిఖీ లేకపోవడం, ఇలాంటి చిన్న చిన్న పనులే.

డబ్బున్న దేశంలో అలా జరిగింది. మరి మన దగ్గర? మన మూడు ఊళ్లలో సర్జన్లు ఉన్నారు, ఆపరేషన్ థియేటర్లు ఉన్నాయి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ముక్క ఇక్కడే తీసినా, ఐహెచ్‌సీ కోసం చాలాసార్లు డబ్బానో బ్లాకో హైదరాబాద్ దారి పడుతుంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ నుంచి ఇంకో 40 పైనే. దూరం వల్ల నష్టం లేదు. గడియారం వల్ల నష్టం ఉంది.

గడియారంలో మూడు లెక్కలు గుర్తుపెట్టుకోండి. మొదటిది, ముక్క ఒంట్లోంచి బయటకు వచ్చాక గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. రక్తం ఆగిన క్షణం నుంచి కణం పాడవడం మొదలవుతుంది. మేక మాంసం మే నెలలో బయట పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. రెండోది, ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలు ఉండాలి. మూడోది, 72 గంటలు దాటకూడదు. తక్కువైనా, ఎక్కువైనా ఉన్న రిసెప్టర్ లేనట్టు కనపడొచ్చు.

ఇప్పుడు మన జీవితంలో పెట్టి చూడండి. శనివారం సాయంత్రం 6కి ఆపరేషన్ అయింది. ఆదివారం కొరియర్ లేదు. సోమవారం పండగ. మంగళవారం సాయంత్రం 6కి 72 గంటలు నిండిపోయాయి. సంక్రాంతి రోజుల్లో అయితే పంతంగి టోల్ దగ్గర లైన్ ఎలా ఉంటుందో 65వ నంబర్ హైవే మీద తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంకో వైపు కూడా ఉంది. పొద్దున ముక్క తీసి "సార్, సాయంత్రానికల్లా రిపోర్టు కావాలి" అని మనమే ఒత్తిడి పెడితే 6 గంటలు కూడా నిండవు. మన తొందర మన రిపోర్టునే చెడగొడుతుంది.

డబ్బా సంగతి కూడా చూడాలి. ముక్క సైజుకి కనీసం పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. రొమ్ము మొత్తం తీస్తే, దాన్ని కోసి పరచకపోతే ఫార్మలిన్ లోపలికి ఎక్కదు, గంటకి ఒక మిల్లీమీటర్ లెక్కన నెమ్మదిగా పోతుంది. పైన బిగుసుకుంటుంది, లోపల గడ్డ చెడిపోతూ ఉంటుంది. ఉప్పు నీళ్ల సెలైన్‌లో వేసి పంపడం అసలు పనికిరాదు.

ఇది మీరు చేసే పని కాదు, డాక్టర్, నర్సు, టెక్నీషియన్ చేసే పని. పోట్లాడమని నేను చెప్పట్లేదు. కానీ మర్యాదగా అడగొచ్చు. బయాప్సీకి ముందే అడగండి: "మేడమ్, ముక్క తీసిన టైమ్, ఫార్మలిన్‌లో వేసిన టైమ్ ఫారం మీద రాస్తారా? హైదరాబాద్ పంపితే ఎప్పుడు చేరుతుంది?" అని. చాలామంది డాక్టర్లు ఇలా అడిగితే సంతోషిస్తారు. డబ్బా మీ చేతికే ఇచ్చి ల్యాబ్‌లో ఇవ్వమంటే, మూత బిగుతుగా ఉందా, పేరు రాసి ఉందా, ముక్క పూర్తిగా మునిగి ఉందా చూడండి. దారిలో ఎక్కడా ఆగొద్దు, "రేపు ఇస్తాలే" అనొద్దు. మూత తీయొద్దు, ఫార్మలిన్ ఆవిరి కళ్లకి, ముక్కుకి మంచిది కాదు.

రిపోర్టు వచ్చాక ఒక లైన్ వెతకండి. ఇంటర్నల్ కంట్రోల్ అని ఉంటుంది. అదే స్లైడ్‌లో క్యాన్సర్ పక్కన మామూలు పాల నాళాలు ఉంటే, వాటిలో కొన్ని కణాలకు ఈఆర్ బ్రౌన్ పడాలి. మంచి కణాలకే రంగు పడలేదంటే క్యాన్సర్ నెగెటివ్ అని కాదు, పరీక్షే ఫెయిల్ అయింది అని. రిపోర్టు మూడూ నెగెటివ్ వచ్చి, ఆ లైన్ లేకపోతే, "ఇంకోసారి చూపించాలా సార్" అని మీ క్యాన్సర్ డాక్టర్‌ని అడగడంలో తప్పు లేదు.

ఇంకోసారి చూపించాలంటే ఏం కావాలి? రిపోర్టు పీడీఎఫ్ చాలదు, స్లైడ్‌ని ఫోన్‌తో తీసిన ఫోటో అసలే చాలదు. మైనం బ్లాక్ కావాలి. ఆ బ్లాక్ చిన్న ప్లాస్టిక్ డబ్బీ సైజులో ఉంటుంది, చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. కానీ మీ అమ్మ జబ్బు గురించి అసలు సాక్ష్యం అదే. ఏళ్ల తర్వాత కూడా దాన్ని మళ్లీ కోసి, కొత్త పరీక్ష చేయొచ్చు. ల్యాబ్ నుంచి తీసుకుంటే రశీదు మీద బ్లాక్ నంబర్ సరిచూసుకోండి. మే నెల ఎండలో బైక్ డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేయకండి. అది మైనం, వేడికి మెత్తబడుతుంది. ఫోన్‌లో ఒక ఫోల్డర్ పెట్టి రిపోర్టు అన్ని పేజీలూ, బ్లాక్ నంబర్, ల్యాబ్ పేరు సేవ్ చేసుకోండి. జబ్బు కొన్నేళ్లకు తిరిగొస్తే మళ్లీ ముక్క తీసి పరీక్షించాలని డాక్టర్ అనొచ్చు. కొంతమందిలో రిసెప్టర్లు మారతాయి కాబట్టి అలా అంటారు. అప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాల్సి వస్తుంది.

చివరగా ఒక్క మాట. నేను చెప్పింది విని మీరే మందు మొదలుపెట్టడం, ఆపడం చేయకండి. ఆ నిర్ణయం డాక్టర్‌దే. కానీ ఆ నిర్ణయం నిలబడేది 4 మైక్రాన్ల పొర మీద పడిన బ్రౌన్ రంగు మీద. ఆ రంగు నిజం చెప్పాలంటే, ముక్క తీసిన మొదటి గంట సరిగా నడవాలి. ఆ గంట గడిచేది ఢిల్లీలోనో ముంబైలోనో కాదు. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో, మీరు కారిడార్‌లో నిలబడి ఉన్నప్పుడే.

ఇది మీ ఇంట్లో అవసరం లేకపోవచ్చు, మంచిదే. అవసరం ఉన్న ఫ్రెండ్ ఎవరైనా గుర్తొస్తే వాళ్లకి పంపండి. ప్రశ్నలుంటే కింద రాయండి, కానీ ఎవరి రిపోర్టూ పేరుతో సహా పెట్టకండి.